గర్భిణులను, బాలింతలను హెచ్‌ఐవీ చికిత్సలో నిలుపుకోవడం: క్లినిక్ సిబ్బందికి అంచెలవారీ మార్గదర్శి

కాన్పు అయ్యేదాకా ఒక్క తేదీ కూడా తప్పకుండా వచ్చిన మనిషి, బిడ్డ పుట్టిన రెండు మూడు నెలలకు ఎందుకు కనిపించకుండా పోతుందని గర్భిణుల క్లినిక్కుల్లో పనిచేసే నర్సులు, కౌన్సెలర్లు పదే పదే అడుగుతుంటారు. మందుల విలువ తెలియక అన్న జవాబు తేలికగా నోటికి వస్తుంది గాని, చాలా సందర్భాల్లో అది సరైన జవాబు కాదు. ఒక గది నుంచి మరో గదికి, ఒక రిజిస్టరు నుంచి మరో రిజిస్టరుకు ఆమె మారవలసిన చోట మనం పట్టుకున్న దారం తెగిపోతుంది.

అలా తెగే అతుకులు ముఖ్యంగా నాలుగు: పరీక్ష ఫలితం తెలిసిన రోజు, కాన్పు, గర్భిణుల క్లినిక్ నుంచి సాధారణ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) కేంద్రానికి మారే సమయం, బిడ్డకు పాలు మాన్పించే సమయం. కింది అంచెలన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి.

చికిత్స ఏదీ లేనప్పుడు గర్భం, కాన్పు, చనుబాలు కలిపి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. సరైన చికిత్స సాగితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. చనుబాలు ఇచ్చినంత కాలం ఆ ప్రమాదం ఉంటుంది కాబట్టి కాన్పుతో పని ముగిసిందనుకోవడానికి వీల్లేదు. మందుల ఎంపిక, మోతాదుల విషయంలో మీ దేశపు చికిత్సా నియమావళే ప్రమాణం. ఇక్కడ చెప్పేది ఆ చికిత్స తెగకుండా పనిని ఎలా అమర్చుకోవాలన్నది.

1. మొదటి గర్భిణి రాకముందే సిద్ధం చేసుకోవలసినవి

తల్లికి ఒక రిజిస్టరు, బిడ్డకు వేరొక రిజిస్టరు ఉంటే, బిడ్డ టీకాకు వచ్చినా తల్లి మందులు తీసుకోలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. తల్లీబిడ్డలిద్దరికీ ఒకే వరుస, ఒకే కార్డు, ఒకే రోజు అపాయింట్‌మెంట్ ఉండేటట్టు ముందే మార్చుకోవాలి. రిజిస్టరులో చివరి గడి కాన్పు తేదీ కాకూడదు. బిడ్డ తుది పరీక్ష ఫలితం కావాలి.

ప్రతి స్త్రీకి బాధ్యురాలిగా సిబ్బందిలో ఒకరి పేరు రాసి ఉండాలి. అందరి బాధ్యత అన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోవడం ఈ పనిలో మరీ త్వరగా జరుగుతుంది.

సరిచూసుకోండి:
- తల్లీబిడ్డల ఉమ్మడి రిజిస్టరు లేదా కంప్యూటరు జాబితా
- తలుపు మూసుకుని మాట్లాడగలిగే గది
- రేపు రావలసినవారి జాబితాను ఈ రోజే తీసి చూసే మనిషి, దానికి ఒక నిర్ణీత సమయం
- తల్లి ఏఆర్‌టీ మందులు, బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నివారణ సిరప్, కోట్రిమాక్సజోల్ (ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే మందు) నిల్వలు
- మీరు పంపే, మీకు పంపే ఇతర కేంద్రాల ఫోన్ నంబర్లు. అక్కడ మాట్లాడవలసిన వ్యక్తి హోదా

2. ఫలితం చెప్పే రోజు

గర్భంలో కాలం విలువైనది. కాన్పు నాటికి రక్తంలో వైరస్ అణగాలంటే మందులు ఎంత ముందు మొదలైతే అంత మంచిది. అందుకే, ఆమె సిద్ధంగా ఉంటే అదే రోజు చికిత్స ప్రారంభించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. అయితే అదే రోజు మొదలుపెట్టి, ఆ తర్వాత నెల రోజులు ఆమెతో మాట్లాడకపోతే ఆ తొందర వల్ల ప్రయోజనం లేదు. ఆ రోజు తల ఊపిన ప్రతి మనిషికీ విన్నది అర్థమైందని అనుకోకూడదు.

మొదటి రోజున మూడు మాటలు చాలు: ఈ మందులు మీ ఆరోగ్యాన్ని నిలుపుతాయి, బిడ్డకు సోకకుండా కాపాడతాయి, ఏ అనుమానం వచ్చినా ఫలానా నంబరుకు ఫోన్ చేయండి. మిగిలిన పాఠమంతా వారం పది రోజుల్లో రెండో సందర్శనకు వాయిదా వేయాలి. నడుమ మూడో నాలుగో రోజున, ఆమె ఒప్పుకుంటే, ఒక ఫోన్ చేయాలి. వేవిళ్ళ వల్ల మాత్ర కడుపులో నిలవడం లేదని, రాత్రి నిద్ర పట్టడం లేదని ఆమె చెప్పుకునే అవకాశం ఆ ఫోనులోనే దొరుకుతుంది. మాత్ర వేసుకున్న వెంటనే వాంతి అయితే ఏం చేయాలో మీ వైద్యుడి సూచనను ముందే కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఉంది. గర్భిణికి ఐరన్, కాల్షియం మాత్రలు ఎలాగూ ఇస్తాము. డోలుటెగ్రవిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్రను వాటితో కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. భోజనంతో పాటు అన్నీ కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే డోలుటెగ్రవిర్‌ను ఐరన్, కాల్షియం మాత్రలకు 2 గంటల ముందు గాని, 6 గంటల తర్వాత గాని వేసుకోవాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల, రోజూ మందు వేసుకుంటున్న స్త్రీ మీద కూడా మందులు సరిగా వాడడం లేదన్న నింద పడవచ్చు.

ఆమె ఆ రోజు సిద్ధంగా లేనంటే బలవంతపెట్టకండి, అలాగని ఖాళీ చేతులతోనూ పంపకండి. రెండు మూడు రోజుల్లోనే మళ్ళీ కలిసే తేదీ, సమయం, కలిసే మనిషి పేరు ఆమె చేతిలో ఉండాలి.

3. ఆమెను ఎలా చేరుకోవాలో ఆమెనే అడగడం

ఒక ఫోన్ నంబరు రాసుకుని ఊరుకుంటే సరిపోదు. ఆ ఫోను ఆమె చేతిలోనే ఉంటుందా, ఇంట్లో ఎవరైనా ఎత్తుతారా, ఏ వేళలో మాట్లాడగలదు, మెసేజ్ పంపవచ్చా అన్న నాలుగు ప్రశ్నలూ వేరువేరుగా అడిగి రాయాలి. ఇంటికి ఎవరైనా రావడం ఆమెకు ఇష్టమో కాదో కూడా అదే రోజు తేల్చుకోవాలి. సమ్మతి రాతలో ఉండాలి. దాన్ని ప్రతి మూడు నెలలకు మళ్ళీ అడగాలి, ఎందుకంటే నంబర్లూ ఇళ్లూ మారతాయి, మనసులూ మారతాయి.

వేరెవరైనా ఫోన్ ఎత్తితే ఏం చెప్పాలో ఆమెతోనే నిర్ణయించుకోండి. "బిడ్డ టీకా గురించి ఫోన్ చేశామండీ, వీలు చూసుకుని ఒకసారి మాట్లాడమని చెప్పండి" వంటి, ఆమె అంగీకరించిన ఒకే వాక్యం కార్డు మీద రాసి ఉండాలి. హెచ్‌ఐవీ, ఏఆర్‌టీ అన్న మాటలు ఆ సంభాషణలోకి రాకూడదు. కేంద్రం పేరే రహస్యాన్ని బయటపెట్టేటట్టుంటే ఆ పేరు కూడా చెప్పకూడదు.

4. ఇంట్లో పరిస్థితి

భర్తకు లేదా భాగస్వామికి చెప్పడం వల్ల మందులు దాచుకునే అవసరం తప్పుతుంది, తేదీలకు తోడు దొరుకుతుంది. కానీ కొందరు స్త్రీలకు అదే మాట దెబ్బలకు, ఇల్లు విడిచిపోవడానికి దారి తీస్తుంది. అందువల్ల "ఇంట్లో చెప్పారా?" అని అడగడానికి ముందు "చెబితే మీకు ఏమైనా ప్రమాదం ఉందా?" అని, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ప్రమాదం ఉందంటే ఆ చర్చను అక్కడే ఆపి, సహాయం అందే చోటు చెప్పాలి. చెప్పకుండానే చికిత్స ఎలా కొనసాగించాలో ఆలోచించాలి. మందులను గుర్తు లేని డబ్బాలోకి మార్చి ఇవ్వవచ్చునేమో మీ మందుల విభాగాన్ని అడగండి. పెద్ద డబ్బాలో మాత్రలు కదిలి వచ్చే చప్పుడుకు భయపడే స్త్రీలుంటారన్నది మనకు చిన్న విషయంగా కనిపిస్తుంది, వారికి కాదు.

ఆమె కోరితే, భాగస్వామిని పిలిచి ఇద్దరికీ కలిపి పరీక్ష, కౌన్సెలింగ్ ఏర్పాటు చేయవచ్చు. ఎప్పుడు, ఎవరి నోటి ద్వారా అన్నది ఆమె నిర్ణయం.

5. గర్భకాలపు సందర్శనలు, వైరల్ లోడ్

వీలైనంతవరకు గర్భిణి పరీక్షలు, ఏఆర్‌టీ మందులు ఒకే చోట, ఒకే రోజు అందాలి. రెండు వరుసల్లో, రెండు రోజులు నిలబడవలసిన మనిషి కొన్నాళ్ళకు ఒకటి వదిలేస్తుంది. అప్పుడు ఆమె వదిలేది సాధారణంగా మందుల వరుసనే.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) పరీక్షలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపిన క్రమం ఇలా ఉంటుంది:
- ముందునుంచే మందులు వాడుతున్నవారికి మొదటి గర్భిణి సందర్శనలోనే
- గర్భంలో కొత్తగా మొదలుపెట్టినవారికి 3 నెలలకు
- అందరికీ 34 నుంచి 36 వారాల నడుమ మరోసారి
- పాలిచ్చే తల్లికి కాన్పు తర్వాత 3 నెలలకు, ఆ పైన ప్రతి 6 నెలలకు

రక్తం తీయడంతోనే పని పూర్తయిందని భావించడం పెద్ద పొరపాటు. ఫలితం ఎప్పుడు వస్తుంది, ఎవరు చూస్తారు, ఎక్కువగా ఉంటే ఎన్ని రోజుల్లో ఆమెను పిలుస్తారు అన్నవి గోడ మీద రాసి ఉండాలి. గర్భిణి ఫలితం మామూలు కట్టల్లో కలిసిపోకుండా నమూనా చీటీ మీద ప్రత్యేక గుర్తు వేయండి.

వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 1000 వైరస్ కాపీలు దాటితే వెంటనే పిలవాలి. ఆ రోజు మొదటి ప్రశ్న "ఎందుకు మానేశారు?" అని ఉండకూడదు. "గడిచిన వారంలో ఏ రోజున మందు వేసుకోవడం కష్టమైంది?" అని అడిగితే అసలు సంగతి బయటకు వస్తుంది. ఆమె కష్టం ఏమిటో తెలుసుకుని సరిచేసి, మందు మార్చవలసిన అవసరం ఉందా, బిడ్డకు పొడిగించిన నివారణ మందు అవసరమా అన్న నిర్ణయాన్ని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ఫలితం బాగున్నప్పుడు కూడా ఆ అంకెను ఆమెకు చూపించండి. మందు పనిచేస్తోందన్న నమ్మకం మన ఉపన్యాసాల కంటే ఆ కాగితం వల్లనే ఎక్కువ కలుగుతుంది.

6. కాన్పు ప్రణాళిక: 32 వారాలకు మొదలుపెట్టండి

అన్ని అతుకుల్లోకీ బలహీనమైనది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ సమయం పెట్టాలి. కాన్పుకు ఆమె వేరే ఊరు వెళ్ళవచ్చు, మీకు తెలియని ఆసుపత్రిలో చేరవచ్చు, నొప్పుల హడావుడిలో కార్డు ఇంట్లోనే ఉండిపోవచ్చు. "కాన్పు ఎక్కడ?" అన్న ప్రశ్నను 32వ వారం నుంచి ప్రతి సందర్శనలోనూ అడగాలి, జవాబు మారుతూ ఉంటుంది.

ఆమె చేతికి ఇవ్వవలసినవి:
- కనీసం మూడు నెలలకు సరిపడే మందులు, నియమావళి అనుమతించినంత మేర
- మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీ, చివరి వైరల్ లోడ్ ఉన్న, మూసిన కవరులోని ఉత్తరం
- బిడ్డకు నివారణ మందు ఎప్పుడు, ఎంత అన్న చీటీ. అవకాశం ఉంటే ఆ సిరప్ సీసా కూడా
- వెళ్ళే ఊరిలో మందులు దొరికే కేంద్రం వివరాలు
- బాధ్యురాలైన నర్సు నంబరు

నొప్పులు వస్తున్నా మాత్ర మానకూడదని ముందే చెప్పాలి. బిడ్డకు మొదటి మోతాదు పుట్టిన వెంటనే పడాలి. కాన్పు నాటికి తల్లి చికిత్స మొదలై నాలుగు వారాలైనా కాకపోయినా, కాన్పుకు ముందు నాలుగు వారాల్లో వైరల్ లోడ్ 1000 దాటి ఉన్నా, గర్భంలోనో పాలిచ్చే కాలంలోనో కొత్తగా సోకినట్టు తేలినా ఆ బిడ్డను ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలో చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం పాలు తాగే ఇటువంటి బిడ్డకు నివారణ మందులు 12 వారాలు, ప్రమాదం తక్కువ ఉన్న బిడ్డకు 6 వారాలు ఇవ్వాలి.

కాన్పు అంచనా తేదీ దాటిన మూడో రోజుకు ఆమె నుంచి కబురు రాకపోతే మీరే ఫోన్ చేయాలి. కాన్పు గది వారు మీకు చెబుతారని ఎదురుచూడకండి.

7. మొదటి ఆరు వారాలు

ఒళ్ళు నొప్పులు, నిద్రలేమి, ఇంటి నిండా చుట్టాలు. మందులు పెట్టిన చోటు తీసి చూసుకునే తీరిక కూడా ఉండని రోజులివి. మాత్రను ఆమె రోజూ తప్పక చేసే ఏదో ఒక పనికి ముడిపెట్టేలా కాన్పుకు ముందే నిర్ణయించుకోవాలి. బిడ్డకు సిరప్ వేసే వేళనే తల్లి మాత్ర వేళగా పెట్టుకోవడం చాలామందికి కుదురుతుంది.

కాన్పు అయిన వారం లోపు ఒక ఫోన్, 4 నుంచి 6 వారాల నడుమ ఒక సందర్శన తప్పనిసరి. ఆ సందర్శనలో చూడవలసినవి:
- బిడ్డ మొదటి వైరస్ పరీక్ష, ఫలితం చెప్పే తేదీ
- బిడ్డకు కోట్రిమాక్సజోల్ ప్రారంభం, టీకాలు
- తల్లి ఏం తినిపిస్తోంది, ఏం తాగిస్తోంది; రొమ్ములో గడ్డ, నొప్పి, పగుళ్ళు ఉన్నాయా
- గర్భనిరోధం; ఎఫవిరెంజ్ (మరో హెచ్‌ఐవీ మందు) వాడేవారిలో చేతిలో అమర్చే హార్మోన్ ఇంప్లాంట్ ప్రభావం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి
- మనసు ఎలా ఉంది

చివరి అంశాన్ని చాలామంది దాటేస్తారు. కాన్పు తర్వాతి దిగులు ఉన్న తల్లి తేదీలు మరచిపోదు, కానీ లేచి బయలుదేరలేదు. రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, ఏడుపు వస్తోందా, తనకు గాని బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా, మెల్లగా అడగండి. చివరి ప్రశ్నకు అవునంటే ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకూడదు.

8. పాలిచ్చే కాలం, పాలు మాన్పించడం

సందర్శనలను బిడ్డ టీకా తేదీలతో కలపండి. టీకాకు తల్లి ఎలాగూ వస్తుంది. చికిత్సలో నిలకడగా ఉన్నవారికి, వైరల్ లోడ్ అణగినప్పుడు, ఒకేసారి మూడు నెలల మందులు ఇవ్వడం వల్ల ప్రయాణాలు తగ్గుతాయి. అయితే మందులు ఎక్కువ నెలలకు ఇచ్చినంత మాత్రాన బిడ్డ పరీక్షల తేదీలు దూరం కాకూడదు.

చనుబాలు సిఫార్సు చేసే దేశాల్లో మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ పైన ఇతర ఆహారంతో పాటు కనీసం 12 నెలలదాకా కొనసాగించవచ్చు. తల్లి మందులు క్రమంగా వాడుతుంటే 24 నెలలు, అంతకంటే ఎక్కువ కూడా.

బిడ్డకు 9 నెలలకు మళ్ళీ వైరస్ పరీక్ష చేయాలి. తుది పరీక్షకు రెండు తేదీలు చూడాలి: బిడ్డకు 18 నెలలు నిండే రోజు ఒకటి, పాలు పూర్తిగా మానిన 3 నెలల తర్వాతి రోజు ఒకటి. వీటిలో ఏది ఆలస్యమైతే అదే సరైన తేదీ. ఆరు వారాల పరీక్ష నెగెటివ్ వచ్చిందని తల్లి కుదుటపడి రావడం మానేయడం తరచూ జరుగుతుంది. ఆ ఫలితం చెప్పేటప్పుడే "ఈ రోజు వరకు బాగుంది, పాలు తాగినంత కాలం మళ్ళీ చూడాలి" అని చెప్పి, తర్వాతి తేదీని కార్డు మీద రాసి పంపాలి. పాలు మానినా తల్లి మందులు ఆగవని కూడా అప్పుడే చెప్పండి. బిడ్డ కోసమే మందులు అనుకున్న తల్లి ఆ దశలోనే ఆపేస్తుంది.

9. సాధారణ ఏఆర్‌టీ కేంద్రానికి అప్పగించడం

చీటీ రాసి పంపడాన్ని అప్పగింత అనలేము. కొత్త కేంద్రంలో ఆమె పేరు నమోదై, మందులు తీసుకున్నట్టు మీకు తెలిసినప్పుడే అప్పగింత పూర్తవుతుంది.

క్రమం ఇలా ఉండాలి: ఒక నెల ముందు ఆమెకు చెప్పండి, కేంద్రాన్ని ఆమెనే ఎంచుకోనివ్వండి. అక్కడి సిబ్బందితో ఫోనులో మాట్లాడి తేదీ తీసుకోండి. కుదిరితే మొదటిసారి మీ నుంచి ఒకరు, లేదా ఇదే దారిలో నడిచివచ్చిన తోటి తల్లి ఒకరు వెంట వెళ్ళాలి. ఆమె చేతిలో అదనంగా ఒక నెల మందులు ఉంచండి. రెండు వారాల తర్వాత కొత్త కేంద్రాన్ని అడగండి. చేరలేదంటే ఆమె ఇంకా మీ జాబితాలోనే ఉన్నట్టు.

ఎంపిక ఉంటే, బిడ్డ తుది ఫలితం వచ్చేదాకా తల్లిని ఎక్కడికీ మార్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

10. తేదీ తప్పినప్పుడు

- అదే రోజు సాయంత్రం: జాబితా చూసి గుర్తించడం
- మరుసటి రోజు: మొదటి ఫోన్
- మూడో రోజు, వేరే వేళలో: రెండో ఫోన్, అనుమతి ఉంటే మెసేజ్
- వారం లోపు: అనుమతి ఉన్నవారికి ఇంటి సందర్శన, లేదా తోటి తల్లి ద్వారా కబురు
- రెండో వారం: ఇతర కేంద్రాలను, టీకా రిజిస్టరును అడగడం
- 28 రోజులు దాటితే: చికిత్స తెగినట్టు నమోదు, అయినా వెతకడం ఆపకూడదు

చేతిలో మందులు ఎన్ని రోజులకు మిగిలి ఉన్నాయో లెక్క వేసుకుని, ముందుగా అయిపోయేవారితో మొదలుపెట్టండి. పాలిచ్చే తల్లులు, వైరల్ లోడ్ ఎక్కువ ఉన్నవారు, కౌమారంలో ఉన్న తల్లులు ఆ జాబితాకు పైన ఉండాలి.

ఫోనులో మొదటి వాక్యం ఆరోపణలా ఉండకూడదు. "అమ్మా, ఎలా ఉన్నారు, బిడ్డ ఎలా ఉంది? మొన్న మీరు రాలేకపోయారు, మేము ఏమైనా మార్చగలమా?" అంటే తలుపు తెరుచుకుంటుంది. తిరిగి వచ్చిన రోజున ఆమెను వరుస చివర నిలబెట్టడం, పాత కౌన్సెలింగ్ మొత్తం మళ్ళీ చేయించుకుంటేనే మందులిస్తామనడం శిక్షలే. ఆ శిక్ష పడిన మనిషి మరోసారి రాదు. వైద్యుడు చూసి, క్షయ లక్షణాలు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పరీక్ష అవసరం తేల్చి, ఏ అడ్డూ లేకపోతే అదే రోజు మందులు తిరిగి ప్రారంభించాలి. పాలు తాగే బిడ్డ ఉంటే ఆ రోజే పరీక్ష చేసి, నివారణ మందు మళ్ళీ అవసరమా అన్నది అప్పుడే తేల్చాలి.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

18 నెలల లోపు బిడ్డకు యాంటీబాడీ (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే పదార్థం) పరీక్ష చేసి పాజిటివ్ అని తల్లికి చెప్పేయడం. ఆ యాంటీబాడీలు తల్లివి కావచ్చు. ఆ వయసులో వైరస్‌ను పట్టే పరీక్షే చేయాలి.

మందులు తీసుకెళ్లడానికి భర్తనో అత్తనో పంపితే "ఆమెనే రమ్మనండి" అని తిప్పి పంపడం. ముందే అనుమతి ఉంటే మందులు ఇచ్చి, ఆమెకు ఫోన్ చేసి మాట్లాడండి.

హెచ్‌ఐవీ ఉన్నవారికి వేరే రంగు కార్డు, వేరే బెంచీ పెట్టడం. సిబ్బందికి సౌకర్యం గాని, వరండాలో కూర్చున్న అందరికీ అది ప్రకటన. గుర్తు అవసరమైతే కార్డు లోపలి పేజీలో, బయటివారికి అర్థం కాని అంకెతో వేయండి.

గర్భం పోయినప్పుడు, బిడ్డ చనిపోయినప్పుడు తల్లిని జాబితా నుంచి తీసేయడం. ఆమె చికిత్స జీవితాంతం సాగవలసినది. పరామర్శ ఫోన్ మరింత అవసరమైన సమయం అది.

12. నెలకొకసారి లెక్క

ఈ నెలలో ఎంతమంది వచ్చారన్న సంఖ్య వల్ల ఉపయోగం తక్కువ. ఫలానా నెలలో కాన్పు అయినవారిని ఒక జట్టుగా తీసుకుని, వారిలో 3, 6, 12, 18 నెలలకు ఎంతమంది మందులు తీసుకుంటున్నారు, ఎంతమంది వైరల్ లోడ్ అణగి ఉంది, ఎంతమంది బిడ్డలకు తుది ఫలితం వచ్చింది అని చూడండి. వేరే కేంద్రానికి వెళ్ళామని చెప్పి అక్కడ చేరినట్టు తేలనివారిని "బదిలీ" గడిలో కాక "వెతుకుతున్నాము" గడిలో రాయండి. ఆ గడిలోని ప్రతి పేరు ఎదుట, ఈ వారం ఎవరు ఫోన్ చేస్తారో రాసిన తర్వాతనే సమావేశం ముగించాలి.